బొట్టు పెట్టి పిలవాల్సిన పరీక్ష

మా ఆసుపత్రి ఓపీ గోడ మీద ఒక పోస్టరు ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలని అందులో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాని కిందే బెంచీ. ఆ బెంచీ మీద ఒకావిడ ఎనిమిదేళ్లపాటు నెలనెలా కూర్చుంది. భర్తకు బీపీ మాత్రల కోసం వెంట వచ్చేది. చీటీ రాసేది నేనే. ఆయన బీపీ, షుగరు, నిద్ర, ఉప్పు తగ్గించారా లేదా అన్నీ అడిగేవాణ్ని. పక్కన నిలబడ్డ ఆవిణ్ని మాత్రం ఏమీ అడగలేదు.

కిందటేడు ఆవిడ తన పేరు మీద చీటీ రాయించుకుని వచ్చింది. ముట్లు ఆగిపోయి ఆరేళ్లయ్యాక మళ్లీ రక్తం కనిపిస్తోందట. పరీక్షలు చేయిస్తే ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. అప్పటికే పక్కలకు పాకింది. ఆ పోస్టరు ఎప్పుడూ చూడలేదా అమ్మా అని అడిగాను. రోజూ చూస్తూనే ఉన్నానంది. అది జబ్బున్నవాళ్ల కోసం పెట్టింది కదా, నాకేమీ లేదు కదా అనుకుందట.

ఆ మాట విన్నాక ఆ పోస్టరును మళ్లీ చదివాను. నిజమే. ఎవరికి, ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ అన్నది అందులో ఎక్కడా లేదు. ఏ బాధా లేనివాళ్లే రావాలన్న ముఖ్యమైన మాటా లేదు. మన ఇళ్లలో పేరంటానికి గోడ మీద కాగితం అంటించి ఊరుకోరు కదా! గడప దాకా వెళ్లి, బొట్టు పెట్టి, ఫలానా రోజు, ఫలానా వేళకు రావాలని చెబుతారు. అలా పిలిస్తేనే అది మన కోసమని అనిపిస్తుంది.

ఈ పరీక్షను ప్రపంచానికి ఇచ్చిన డాక్టరు జార్జ్ పాపనికోలావ్ జీవితమంతా చదివితే నాకు అర్థమైంది కూడా ఇదే. పాప్ స్మియర్ అన్న పేరులోని పాప్ ఆయనే. ఆయన కథలో సగం మైక్రోస్కోపు ముందు జరిగింది. మిగతా సగం, ఆ మైక్రోస్కోపు చూసిన విషయాన్ని మనుషులకు ఎలా చెప్పాలన్న దాని చుట్టూ తిరిగింది. ఆ రెండో సగం మీరు కూడా తెలుసుకోవాలనే ఈ వారం ఆయన గురించి రాస్తున్నాను.

తివాచీలు అమ్మిన డాక్టరు

పాపనికోలావ్ 1883 మే 13న గ్రీసు దేశంలో, ఎవియా ద్వీపంలోని కీమీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి నికోలాస్ ఆ ఊరి డాక్టరు. కొడుకు కూడా తనలాగే డాక్టరై, ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టాలని ఆయన కోరిక. మన ఇళ్లలో లేని కథేమీ కాదు. కొడుక్కి మాత్రం వయొలిన్ అన్నా, పుస్తకాలన్నా ఇష్టం. అయినా తండ్రి మాట కాదనలేక ఏథెన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1904లో మంచి మార్కులతో పట్టా తీసుకున్నారు. సైన్యంలో కొంతకాలం పనిచేసి ఇంటికొచ్చి, ఊరికి దూరంగా ఉంచిన కుష్ఠు రోగులకు వైద్యం చేశారు.

అయితే ఆయన మనసు ప్రాక్టీసులో నిలవలేదు. పరిశోధన చేస్తానని జర్మనీ వెళ్లి, 1910లో మ్యూనిక్‌లో జంతుశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అదే ఏడాది ఆండ్రోమాకితో పెళ్లయింది. అందరూ ఆమెను మేరీ అని పిలిచేవారు. తర్వాత మొనాకోలో సముద్ర జీవుల మీద పనిచేశారు. అంతలో బాల్కన్ యుద్ధాలు మొదలయ్యాయి. సైనిక వైద్యుడిగా వెళ్లినప్పుడు, అమెరికా నుంచి వచ్చి యుద్ధంలో చేరిన గ్రీకు యువకులు కలిశారు. వాళ్ల మాటలు విన్నాక ఆయనకు అమెరికా వెళ్లాలన్న ఆలోచన బలపడింది.

1913 అక్టోబరులో భార్యాభర్తలు న్యూయార్క్‌లో ఓడ దిగారు. చేతిలో డబ్బు అంతంత మాత్రం. ఇంగ్లీషు సరిగా రాదు. తెలిసినవాళ్లు లేరు. పొట్టకూటి కోసం ఇద్దరూ ఒక పెద్ద దుకాణంలో పనికి కుదిరారు. మేరీది బొత్తాలు కుట్టే పని. వారానికి 5 డాలర్ల కూలి. ఎండీ, పీహెచ్‌డీ చదివిన భర్తది తివాచీలు అమ్మే పని. తమతో పాటు ఓడలో వచ్చిన ఒకావిడ మొదటి రోజే ఆ దుకాణంలో ఎదురుపడటంతో ఆయనకు తల కొట్టేసినట్లయి, ఆ పని మానేశారని చెబుతారు. ఆ తర్వాత హోటళ్లలో వయొలిన్ వాయించారు. గ్రీకు పత్రికలో గుమాస్తాగా చేశారు. ఈరోజు విదేశాల్లో పెట్రోలు బంకుల్లోనో, దుకాణాల్లోనో గంటల లెక్కన పనిచేస్తూ చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులకు ఈ కథ వేరే వివరించనక్కర్లేదు.

1914లో కార్నెల్ మెడికల్ కాలేజీలో అనాటమీ ప్రొఫెసరు చార్లెస్ స్టాకార్డ్ దగ్గర ఆయనకు పని దొరికింది. ఆ కాలేజీతో అనుబంధం దాదాపు అర్ధ శతాబ్దం కొనసాగింది.

భార్యే మొదటి వాలంటీరు

అక్కడ ఆయన గినీపిగ్‌ల మీద పరిశోధన చేసేవారు. ఆడ జంతువుల్లో అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియాలంటే వాటిని చంపి, కోసి చూడాల్సి వచ్చేది. అన్ని ప్రాణాలు తీయకుండా తెలుసుకునే దారి ఉండాలనిపించింది. ముక్కు పరీక్షకు వాడే చిన్న పరికరంతో వాటి యోనిలోని స్రావాన్ని తీసి, గాజు పలక మీద పూసి చూశారు. రోజులు మారుతున్నకొద్దీ అందులోని కణాల ఆకారం కూడా మారుతోంది. అంటే, లోపల ఏం జరుగుతోందో రాలిపడిన కణాలే చెబుతున్నాయన్నమాట. 1917లో స్టాకార్డ్‌తో కలిసి ఈ విషయం ప్రచురించారు.

మరి మనుషుల్లో? ఆ పరీక్ష చేయించుకోమని ఆ రోజుల్లో ఏ ఆడమనిషిని అడుగుతారు? అడిగినా ఎవరొస్తారు? మేరీ ముందుకొచ్చింది. అప్పటికే ఆమె ఆయన ప్రయోగశాలలో జీతం లేకుండా సహాయకురాలిగా పనిచేస్తోంది. ఇప్పుడు పరీక్షకు కూడా తనే సిద్ధపడింది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది. ఆరోగ్యవంతురాలైన స్త్రీలో కణాలు నెల పొడవునా ఎలా మారతాయో ఆ స్లైడ్ల నుంచే ఆయన నేర్చుకున్నారు. ఏది మామూలో తెలిస్తేనే కదా, ఏది తేడాగా ఉందో పట్టుకునేది!

మేరీ తన స్నేహితురాళ్లను కూడా ఒప్పించిందంటారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ పరీక్ష చరిత్రలో మొదటి పిలుపు డాక్టరుది కాదు. తాను ముందు చేయించుకుని, భయపడాల్సిందేమీ లేదని మరో ఆడమనిషికి చెప్పిన ఒక ఇల్లాలిది. నా అనుభవంలో, ఈ రోజుకీ అంతకంటే బాగా పనిచేసే ప్రచారం లేదు.

1925 నుంచి ఆసుపత్రికి వచ్చే మహిళల నమూనాలను పాపనికోలావ్ పద్ధతిగా చూడటం మొదలుపెట్టారు. వాటిలో కొన్ని స్లైడ్లు వింతగా కనిపించాయి. కేంద్రకాలు పెద్దవిగా, ముదురుగా, ఆకారం చెడిపోయి ఉన్నాయి. అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న మహిళలవి. కత్తి పెట్టకుండా, ముక్క తీయకుండా, స్రావంలో రాలిన కణాల్లోనే క్యాన్సర్ కనిపిస్తోంది!

చెప్పినా వినిపించని మాట

1928 జనవరిలో అమెరికాలోని బాటిల్ క్రీక్ అనే ఊళ్లో జరిగిన ఒక సదస్సులో ఈ విషయం చెప్పారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అది క్యాన్సర్ వైద్యుల సదస్సు కాదు. జాతిని మెరుగుపరచాలనే పేరుతో, ఈనాడు ఎవరూ సమర్థించని ఆలోచనలు చర్చించిన వేదిక. సరైన మాటను సరికాని చోట చెప్పడం అది. దాదాపు అదే సమయంలో రుమేనియాలో ఆరెల్ బాబేష్ అనే వైద్యుడు కూడా ఇలాంటి పద్ధతే వేరేగా కనిపెట్టారు. అదీ అప్పట్లో అంతగా ఎవరికీ చేరలేదు.

విన్న కొద్దిమంది నిపుణులకూ ఒక సందేహం. ముఖద్వారం కంటికి కనిపించే చోటే ఉంది, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే సరిపోతుంది, ఇక ఈ విడి కణాలను వెతకడం ఎందుకని. ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే అది జబ్బు బయటపడ్డాక వచ్చే పేషెంటు గురించి అడిగిన ప్రశ్న. బయాప్సీ కావాలంటే ముందు ఎక్కడో ఒకచోట అనుమానం రావాలి. స్మియర్ అనుమానమే లేని మనిషికి పనికొస్తుంది. ఈ తేడాను ఆనాడు డాక్టర్లకే అర్థమయ్యేలా చెప్పడం కుదరలేదు. మా బెంచీ మీద కూర్చున్న ఆవిడకు అర్థం కానిది కూడా సరిగ్గా ఇదే.

పాపనికోలావ్ నొచ్చుకున్నారు. వాదనకు దిగలేదు. మళ్లీ హార్మోన్ల పరిశోధనలో పడ్డారు. పదేళ్లకు పైగా ఆ క్యాన్సర్ స్లైడ్ల విషయం పక్కన ఉండిపోయింది.

రెండోసారి ఎలా చెప్పారు?

1939లో స్టాకార్డ్ మరణించాక విభాగానికి వచ్చిన కొత్త అధిపతి జోసెఫ్ హిన్సీ, ఆ పని మళ్లీ మొదలుపెట్టమని ప్రోత్సహించారు. ఈసారి పాపనికోలావ్ ఒంటరిగా లేరు. హెర్బర్ట్ ట్రాట్ అనే గైనకాలజిస్టు జత కలిశారు. న్యూయార్క్ హాస్పిటల్‌లో స్త్రీల వార్డులో చేరిన మహిళలందరికీ స్మియర్ తీయాలని నిర్ణయించారు. జబ్బుందని అనుమానం ఉన్నవారికే కాదు, అందరికీ.

అందరికీ చేయడంతో అసలు సంగతి బయటపడింది. కంటికి ఏమీ కనిపించని, పేషెంటుకు ఏమీ తెలియని దశలోనే కొందరిలో చెడు కణాలు దొరికాయి. 1941లో ఇద్దరూ కలిసి వ్యాసం రాశారు. 1943లో పుస్తకం తెచ్చారు. అందులో కణాల రంగుల బొమ్మలను జపాన్‌లో పుట్టిన చిత్రకారుడు హషిమే మురాయామా గీశారు. ఎక్కడో ఉన్న డాక్టరు కూడా ఆ బొమ్మను పక్కన పెట్టుకుని, తన మైక్రోస్కోపులోని స్లైడును పోల్చి చూసుకోవచ్చు. 1928లో కనిపెట్టిన విషయమే ఇది. ఈసారి చెప్పిన తీరు మారింది. స్త్రీల వైద్యుడు తోడున్నారు, బొమ్మలున్నాయి, రుజువులున్నాయి, సరైన చోట చెప్పారు.

1947లో కెనడా డాక్టరు ఎర్నెస్ట్ ఐర్ ఒక చెక్క పుల్లను తయారుచేశారు. ఐస్‌క్రీమ్ పుల్లలాంటిదే అనుకోండి. దాన్ని ముఖద్వారం చుట్టూ ఒక్కసారి తిప్పితే చాలు, కావాల్సిన కణాలు వస్తాయి. పరీక్ష ఇంకా తేలికైంది.

వైద్యుల గది నుంచి వంటింటి దాకా

ఇప్పుడు డాక్టర్లు ఒప్పుకున్నారు. ఆడవాళ్లు రావద్దూ?

ఆ రోజుల్లో అమెరికాలో కూడా క్యాన్సర్ పేరు పైకి అనడానికి జంకేవారు. 1936లో ఉమెన్స్ ఫీల్డ్ ఆర్మీ పేరుతో మహిళా వాలంటీర్ల దళం ఏర్పడి, ఇళ్లకు, సంఘాలకు వెళ్లి క్యాన్సర్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. రక్తస్రావం, గడ్డ, మానని పుండు లాంటి ప్రమాద సూచనలు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లమని చెప్పేవారు. మంచి సలహానే. దాంతో పాటు తెలియకుండానే ఇంకో మాట కూడా మనసులో నాటుకుంది: సూచన కనిపించేదాకా ఆగవచ్చు అని. పాప్ స్మియర్ దీనికి ఎదురు మాట చెబుతోంది. సూచన కనిపించకముందే రండి అంటోంది. బాగున్నవాళ్లను ఆసుపత్రికి పిలవడం కంటే కష్టమైన పని మరొకటి లేదు.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ బాధ్యత తీసుకుంది. 1948లో బోస్టన్‌లో నిపుణులను సమావేశపరిచి, ఈ పరీక్షకు గుర్తింపు తెచ్చింది. స్లైడ్లు చదవడంలో ఎందరికో శిక్షణ ఇప్పించారు. వారిలో ఎక్కువమంది మహిళలే. 1950లలో మెంఫిస్ నగరంలో ప్రభుత్వ సాయంతో లక్షమందికి పైగా మహిళలకు పరీక్షలు చేశారు. పేదలకైనా, ఉన్నవాళ్లకైనా, నగరం మొత్తానికి ఈ పరీక్ష చేయడం సాధ్యమేనని తేలింది.

1957లో సొసైటీ ఒక చిన్న సినిమా తీసింది. అందులో ఇద్దరు మహిళలు. ఒకరు వేళకు పరీక్ష చేయించుకుని బతుకుతుంది. మరొకరు ఆలస్యం చేస్తుంది. మహిళా సంఘాల్లో, సభల్లో ఆడవాళ్లకు ఈ సినిమా చూపించారు. భయపెట్టింది, ధైర్యం కూడా చెప్పింది. నా ఉద్దేశంలో భయానికి ఒక హద్దుంది. భయం ఎక్కువైతే మనిషి ఆసుపత్రికి రాడు, ఆ వీధి మొహమే చూడడు. ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో, వెళ్తే ఎంత మేలో చెప్పినప్పుడే భయం అడుగు వేయిస్తుంది.

ఫలితం? అమెరికాలో 1955 నుంచి 1992 మధ్య ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 70 శాతం తగ్గాయి. వైద్యం మెరుగుపడటం లాంటి ఇతర కారణాలూ ఉన్నా, అందులో పెద్ద వాటా ఈ పరీక్షదే.

ఒక ఉత్తరం చేసిన పని

బ్రిటన్ అనుభవం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ 1960లలోనే పాప్ స్మియర్ ఉంది. ఉచితం కూడా. అయినా ఆశించినంత మేలు జరగలేదు. ఏ డాక్టరుకు గుర్తొస్తే ఆ డాక్టరు చేసేవారు. కొందరికి అవసరానికి మించి జరిగేది. అసలు కావాల్సిన వయసువారికి జరిగేది కాదు. 1988లో పద్ధతి మార్చారు. అర్హులైన ప్రతి మహిళ పేరుతో, కంప్యూటర్ జాబితా నుంచి ఇంటికి ఉత్తరం పంపడం మొదలుపెట్టారు. పరీక్ష అదే. కొత్తగా చేరింది పేరు పెట్టి పంపిన పిలుపు. రాకపోతే మళ్లీ గుర్తుచేయడం, ఫలితం చెప్పడం, గడువు రాగానే తిరిగి రమ్మనడం. 1988లో 42 శాతం ఉన్న పరీక్షల సంఖ్య 1994కి 85 శాతానికి చేరింది. మరణాలు వేగంగా తగ్గాయి.

మన దేశంలోనూ రుజువుంది. 1998లో ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. పాప్ స్మియర్‌కు ల్యాబులు, నిపుణులు కావాలి కాబట్టి, ముఖద్వారానికి పల్చని వెనిగర్ ద్రావణం అద్ది కంటితో చూసే వీఐఏ అనే పరీక్ష ఎంచుకున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆ పరీక్ష చేశారు. అయితే అంతకంటే ముందు ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. పిలిచినవారిలో 89 శాతం మంది వచ్చారు. 2014లో వెలువడిన ఫలితాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు తేలింది. మనవాళ్లు రారు, సిగ్గుపడతారు అనే మాట ఇక నమ్మకండి. పిలిచే తీరులో పిలిస్తే వస్తారు.

ఒక నోటు మీద ఆయన బొమ్మ

పాపనికోలావ్‌కు నోబెల్ రాలేదు. 1950లో లాస్కర్ అవార్డు వచ్చింది. 1954లో కణాల మీద పెద్ద అట్లాస్ ప్రచురించారు. వైద్యులు ఆయనను ముద్దుగా డాక్టర్ పాప్ అనేవారు. సెలవులంటే పెద్దగా తెలియని మనిషి. ఆ దంపతులకు పిల్లలు లేరు. మేరీ పక్కనే ఉండి ఇంటిని, ప్రయోగశాలను కూడా నడిపింది. 1961లో ఇద్దరూ మయామీ వెళ్లారు. అక్కడి క్యాన్సర్ సంస్థకు ఆయన బాధ్యత తీసుకున్నారు. మూడు నెలలు తిరిగేలోపే, 1962 ఫిబ్రవరి 19న గుండెపోటుతో మరణించారు. వయసు 78. ఆ సంస్థకు తర్వాత ఆయన పేరే పెట్టారు. యూరో రాకముందు గ్రీసు తన 10,000 డ్రాక్మాల నోటు మీద ఆయన బొమ్మ ముద్రించుకుంది. మేరీ ఆయన తర్వాత మరో ఇరవై ఏళ్లు జీవించి, 1982లో కన్నుమూసింది. ఆమె బొమ్మ ఏ నోటు మీదా లేదు. ప్రతి పాప్ స్మియర్ వెనకా ఆమె స్లైడ్లు మాత్రం ఉన్నాయి.

ఇక మన గడప

మన దేశంలో ఏటా 1.2 లక్షల మందికి పైగా మహిళలకు ఈ క్యాన్సర్ వస్తోంది. 75 వేలకు పైగా చనిపోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం లోపే. అంటే వందమంది పేరంటానికి ఇద్దరు కూడా రాలేదన్నమాట. తప్పు రానివాళ్లదా, పిలవనివాళ్లదా?

మా వంతు మేం మారాలి. మీ వంతుగా మీ ఇంట్లో ఈ మాట ఎత్తండి. అలా ఎత్తేటప్పుడు ఈ కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

ఇది ఏ బాధా లేనివారి కోసం చేసే పరీక్ష. హెచ్‌పీవీ అనే చాలా సాధారణమైన వైరస్ లోపల ఉండిపోతే, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత సుదీర్ఘ సమయంలో ఎప్పుడైనా పట్టుకుని, చిన్న చికిత్సతో ఆపేయవచ్చు. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి పరీక్ష చేస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇంకా ముందు నుంచే అవసరం.

భర్త లేనివారికి కూడా ఇది అవసరమే. బొట్టు పెట్టి పిలిచే మన ఆచారంలో భర్త పోయినవారిని పక్కన పెట్టేస్తుంటాం. ఈ పిలుపులో ఆ తప్పు చేయకండి. వైరస్ ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట చేరి ఉండవచ్చు. ముట్లు ఆగినా, కాపురం లేకపోయినా 65 దాకా పరీక్ష కావాలి. ముట్లు ఆగినవారిలో వీఐఏ అంత బాగా పనిచేయదు కాబట్టి పాప్ స్మియర్ గానీ, హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయిస్తారు.

పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. మత్తు అక్కర్లేదు, కోత ఉండదు. కాస్త ఇబ్బందిగా ఉంటుందే తప్ప, పెద్ద నొప్పి ఉండదు. చాలాచోట్ల చేసేది మహిళా సిబ్బందే. ఆడవాళ్లే చేయాలని అడిగే హక్కు మీకుంది. నెలసరి రోజుల్లో కాకుండా వెళ్లండి.

తేడా ఉందంటే క్యాన్సర్ అని అర్థం కాదు. ఇంకా బాగా చూడాలని మాత్రమే. తేడా ఉన్నవారిలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. అలాగే ఏమీ లేదని వచ్చినంత మాత్రాన జీవితాంతం నిశ్చింతా కాదు. ఒక్కసారి చేసిన పరీక్ష కొన్ని మార్పులను పట్టలేకపోవచ్చు. అందుకే గడువు ప్రకారం మళ్లీ చేయించాలి. రక్తస్రావం, కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట లాంటివి ఉంటే మాత్రం స్క్రీనింగ్ గడువు కోసం చూడకుండా నేరుగా డాక్టరుకు చూపించండి. చిన్నప్పుడు హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికి కూడా వయసు వచ్చాక ఈ పరీక్ష తప్పదు.

ఇది చదువుతున్నది మగవారైతే, ఈ పేజీ మడిచి ఇంట్లోవాళ్లకు ఇచ్చేసి మీ పని అయిపోయిందనుకోకండి. సెలవు పెట్టి తీసుకెళ్లండి. బయట కూర్చోండి. మీ అమ్మను, అత్తగారిని, వదినను అడగండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు ఒక పూట జీతం కోయకుండా సెలవిచ్చి పంపండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఏ రోజు చేస్తారో మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడిగితే చెబుతారు. మీరు ముందు చేయించుకున్నవారైతే ఇంకా మంచిది. మేరీలాగా మరో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లండి.

ఆ బెంచీ మీది ఆవిడ ఇప్పుడు రేడియేషన్ పూర్తిచేసుకుని మందుల మీద ఉంది. ముందు ముందు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేం. కిందటి నెల తన ఇద్దరు కోడళ్లను, పక్కింటి ముగ్గురిని తీసుకొచ్చి పరీక్ష చేయించింది. నేను ఆ పోస్టరు తీయించేశాను. దాని బదులు, బీపీ చీటీ రాసేటప్పుడు పక్కన నిలబడ్డ మనిషిని కూడా ఒక మాట అడుగుతున్నాను: అమ్మా, మీరు పరీక్ష చేయించుకున్నారా?

ఎనిమిదేళ్ల కిందటే అడగాల్సిన మాట అది.